ఆ 24 గంటల్లో పక్కన ఎవరు?

(కె.జి. కన్నబిరాన్ స్మృతిలో చేసిన ఉపన్యాసం)



కన్నబిరాన్ గారు 2010 డిసెంబర్ 30న మనల్ని విడిచి వెళ్లారు. ఎమర్జెన్సీ నాటి ఎన్‌కౌంటర్ల మీద వేసిన భార్గవ కమిషన్ ముందు వాదించిన లాయరుగా, పదిహేనేళ్లు పౌరహక్కుల సంఘం అధ్యక్షుడిగా, ఆ తర్వాత పీపుల్స్ యూనియన్ ఫర్ సివిల్ లిబర్టీస్ (పీయూసీఎల్) జాతీయ అధ్యక్షుడిగా ఆయన చేసిన పని మీకు తెలుసు. తెలుగులో వచ్చిన ఆయన ఆత్మకథ పేరు ‘24 గంటలు’. క్రిమినల్ కోర్టులో నాలుగు రోజులు తిరిగిన ఎవరికైనా ఆ అంకె వినగానే రాజ్యాంగం 22వ అధికరణం గుర్తొస్తుంది. అరెస్టు చేసిన మనిషిని, ప్రయాణ సమయం పోను, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి.

ఆ గడువు గురించి మనం ఎప్పుడూ రెండు కొసల దగ్గరే కొట్లాడతాం. ఎప్పుడు పట్టుకుపోయారు? ఎప్పుడు హాజరుపరిచారు? పిటిషన్లన్నీ ఈ రెండు టైముల మీదే నడుస్తాయి. నడుమ ఆ మనిషి పక్కన ఎవరున్నారని అడిగేవాళ్లు తక్కువ.

ఈ రోజు ఆ నడిమి గంటల గురించి మాట్లాడతాను. అందులోనూ తన మాట తాను చెప్పుకోలేని మనుషుల గురించి: పిల్లలు, ముసలివాళ్లు, చెవుడున్నవాళ్లు, బుద్ధి పూర్తిగా ఎదగనివాళ్లు, మానసిక జబ్బుతో ఉన్నవాళ్లు, గోర్ బోలి తప్ప తెలుగు సరిగా రాని తండా ఆడవాళ్లు, నల్లమల పెంటల్లోని చెంచులు. ఇలాంటి మనిషిని ప్రశ్నించేటప్పుడు శిక్షణ ఉన్న తోడు ఒకరు పక్కన ఉండాలని చట్టంలో రాయాలి. రాసేలోపు మన జిల్లాల్లో మనమే మొదలుపెట్టాలి. ఆ తోడుగా కూర్చున్న మనిషి మీద పడే బరువును పంచుకునేవాళ్లు కూడా ఉండాలి. నా ఉపన్యాసమంతా ఈ మూడు మాటలే.

హక్కు ఎక్కడ ఆగింది?

వకీలు లేని విచారణ మన నల్లగొండ జిల్లాకు కొత్త కాదు. తెలంగాణ సాయుధ పోరాటం నాటి కేసుల్లో, పోలీసు యాక్షన్ తర్వాత పెట్టిన ప్రత్యేక ట్రిబ్యునళ్లు 1949లో నల్లగొండ రైతు కార్యకర్తలకు మరణశిక్షలు వేశాయి. ఆ కేసులు జనార్దన్‌రెడ్డి వర్సెస్ హైదరాబాద్ స్టేట్ పేరుతో సుప్రీంకోర్టుకు వెళ్లాయి. ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చి వాదించారు. ముద్దాయిలకు ట్రిబ్యునల్ ముందు లాయరు దొరకలేదన్నది ఆ వాదనల్లో ఒకటి. లాయరు లేనంత మాత్రాన విచారణ దానంతటది చెల్లకుండా పోదని 1951లో సుప్రీంకోర్టు చెప్పింది. వాళ్ల ప్రాణాలు నిలిచింది తర్వాత శిక్షలు తగ్గించడం వల్లనే.

ఆ మాట తిరగబడడానికి 35 ఏళ్లు పట్టింది. పేద ముద్దాయికి ఉచిత న్యాయ సహాయం ఇవ్వకుండా వేసిన శిక్ష నిలవదని 1986లో సుఖ్‌దాస్ కేసులో తేల్చారు. అంతకు ముందు 1981లో, భాగల్పూర్‌లో ఖైదీల కళ్లు పోగొట్టిన కేసులో, న్యాయ సహాయం పొందే హక్కు ఉందని మొదటిసారి హాజరుపరిచినప్పుడే మేజిస్ట్రేటు చెప్పాలన్నారు. 2012లో కసబ్ కేసు తీర్పు కూడా ఆ హక్కు మొదలయ్యేది మేజిస్ట్రేటు ముందు నిలబెట్టినప్పుడే అంది. హక్కు ట్రయల్ నుంచి రిమాండు దాకా వెనక్కి నడిచొచ్చింది. ఠాణా గడప దగ్గర ఆగిపోయింది. ప్రభుత్వ ఖర్చుతో రావలసిన లాయరు ఆ 24 గంటలు గడిచాక వస్తాడు.

గడప లోపల ఏమీ లేదని కాదు. 1978లో నందినీ శత్పథి కేసులో జస్టిస్ కృష్ణయ్యర్, మౌనంగా ఉండే హక్కు పోలీసు ప్రశ్నల ముందూ ఉంటుందన్నారు. పక్కన లాయరు కావాలంటే కాదనకూడదన్నారు. 1996 డిసెంబర్‌లో డి.కె. బసు తీర్పు 11 ఆదేశాలిచ్చింది. అరెస్టు మెమో రాయాలి, ఇంట్లోవాళ్లకు చెప్పాలి, డాక్టరుకు చూపించాలి. అవన్నీ ఇప్పుడు చట్టంలోనే ఉన్నాయి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 38వ సెక్షన్ ప్రకారం, అరెస్టయిన మనిషి విచారణ సమయంలో తనకు నచ్చిన లాయరును కలవవచ్చు. విచారణ పొడుగునా మాత్రం కాదు. దేవరకొండ అవతలి తండాలో మేకలు కాసేవాడికి తనకు నచ్చిన లాయరు ఎవరు? వాడు చూసిన లాయర్లంతా సినిమాలోవాళ్లే.

పిల్లల విషయంలో చట్టం చాలా మెరుగు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం పిల్లల్ని లాకప్‌లో పెట్టకూడదు. దాని రూల్స్ ఇంకా ముందుకు వెళ్లాయి: బేడీలు వేయకూడదు, స్టేట్‌మెంటు మీద సంతకం చేయించకూడదు, పోలీసు మఫ్టీలో ఉండాలి, తల్లిదండ్రులతో పాటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకూ కబురు చేయాలి. అదే పిల్లవాడికి 18 నిండిన మర్నాడు, బుద్ధి ఎనిమిదో ఏట ఆగిపోయినా సరే, ఇవేవీ వర్తించవు. ఆడవాళ్లను, 60 దాటినవాళ్లను, వికలాంగులను వాళ్ల ఇంటి దగ్గరే ప్రశ్నించాలని నాగరిక్ సురక్షా సంహిత 179వ సెక్షన్ అంటుంది. ఎన్ని స్టేషన్లలో ఇది నడుస్తుందో ఈ హాల్లో ఉన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్‌తో నడుము వంగిపోయిన మనిషిని గంటల తరబడి నేల మీద కూర్చోబెడితే, లాఠీ ముట్టుకోకుండానే కొట్టినట్టు.

అవును సార్

కొన్నేళ్ల కింద ఒక స్టేషన్‌కు వెళ్లాను. పేరు అవసరం లేదు. ట్రాన్స్‌ఫార్మర్ పగలగొట్టి రాగి తీగ ఎత్తుకుపోయిన కేసు. మన దగ్గర ఇది చిల్లర దొంగతనం కాదు. ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ పోతే దాని కింది బోర్లన్నీ ఆగుతాయి, పొట్టకొచ్చిన వరి కళ్లముందే ఎండుతుంది. రైతుల కోపంలో న్యాయముంది. అనుమానం మీద తెచ్చిన పిలగాడికి ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. గొర్రెల వెంట పోతాడు. రైటరు బల్ల పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. ఎస్సై మర్యాదస్తుడు, చెయ్యి చేసుకోలేదు. “ఒప్పుకున్నడు సార్, కావాలంటే మీరే అడగండి” అన్నాడు.

“తీగ నువ్వే తీసినవా బిడ్డా?”

“అవును సార్.”

“అన్నం తిన్నవా?”

“అవును సార్.”

“పొద్దటి సంది ఏం తినలేదు గదా?”

“అవును సార్.”

“తీగ నువ్వు తియ్యలేదు గదా?”

“అవును సార్.”

రైటరు పెన్ను పక్కన పెట్టాడు. ఎస్సై కాసేపు మాట్లాడలేదు. బయట మెట్ల మీద కూర్చున్న తల్లిని అడిగితే ఆమె చెప్పింది: “చిన్నప్పటి సంది గంతే సారూ. పెద్దోళ్లు ఏమన్నా అవుననాలె బిడ్డా, కాదంటే కొడతరని నేనే నేర్పిన.”

ఆ తల్లి వాణ్ని కాపాడుకోవడానికి నేర్పిన మాటే వాణ్ని స్టేషన్‌లో పట్టిచ్చింది. ఇలాంటి మనుషులు ప్రశ్నలోని మాటనే జవాబుగా ఎందుకు తిరిగి ఇస్తారో చాలామంది మనస్తత్వ శాస్త్రవేత్తలు పరిశోధించారు. ఐస్లాండ్‌కు చెందిన గిస్లీ గుడ్‌జాన్సన్ 1980లలో లండన్‌లో పనిచేస్తూ దీన్ని కొలవడానికి ఒక పరీక్షే తయారు చేశాడు. ఆ పరీక్ష మనకు అందుబాటులో లేకపోవచ్చు. ఒకే ప్రశ్నను అటూ ఇటూ తిప్పి అడిగే మనిషి ఒకరు ఉంటే మొదటి గంటలోనే సంగతి బయటపడుతుంది.

పోలీసు దగ్గర ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు కదా అని మీరు అడగవచ్చు. చెల్లదు. కానీ చెప్పిన మాటను బట్టి వస్తువు దొరికితే ఆ మేరకు చెల్లుతుంది. పాత సాక్ష్య చట్టం 27వ సెక్షన్ ఇదే చెప్పింది. కొత్త భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్‌లోనూ ఇది నిలిచింది. అందుకే ఠాణాలో అన్నిటికన్నా బరువైన మాట ‘రికవరీ’. సొత్తు చూపించేదాకా ప్రశ్నలు ఆగవు. తీసినవాడు చూపించగలడు. తీయనివాడు ఏం చూపిస్తాడు? దెబ్బలు ఎక్కువ తినేది తీయనివాడే.

అడ్డగూడూరు

2021 జూన్ 18. పాత నల్లగొండ, ఇప్పటి యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు ఠాణా. ఖమ్మం జిల్లా నుంచి వచ్చి ఒక పాస్టర్ ఇంట్లో వంట చేసిన దళిత మహిళ మరియమ్మ. ఇంట్లో రెండు లక్షల రూపాయలు పోయాయని ఫిర్యాదు. ఆమెను, కొడుకును, కొడుకు స్నేహితుణ్ని తీసుకొచ్చి ప్రశ్నించారు. ఆ రోజే ఆమె చనిపోయింది. పీయూసీఎల్ పిటిషన్ మీద హైకోర్టు ఆదేశిస్తే, పాతిపెట్టిన శవాన్ని తీసి మళ్లీ పోస్టుమార్టం చేశారు. ఎస్సైని, ఇద్దరు కానిస్టేబుళ్లను ఉద్యోగాల నుంచి తొలగించారు. ప్రభుత్వం పిల్లలకు పరిహారం, ఇల్లు, ఉద్యోగం ప్రకటించింది.

అదే ఏడాది నవంబర్‌లో సూర్యాపేట జిల్లా ఆత్మకూరు(ఎస్)లో, దొంగతనం అనుమానంతో తెచ్చిన గిరిజన యువకుణ్ని కొట్టారని తండావాళ్లు రోడ్డెక్కారు, ఎస్సై సస్పెండయ్యాడు. 2023లో మెదక్‌లో, సీసీ కెమెరాలో కనపడ్డ మనిషి పోలికలున్నాయని పట్టుకుపోయిన ఒక కూలీ, వదిలేశాక ఆస్పత్రిలో ప్రాణం విడిచాడు. హైకోర్టు ఆ కేసును తనంతట తాను చేపట్టింది.

ఈ మూడు చోట్లా చట్టానికి లోటు లేదు. అడ్డగూడూరులో ఆమె చనిపోయాక ఎంతమంది వచ్చారో చూడండి: మేజిస్ట్రేటు, డాక్టర్లు, ఉన్నతాధికారులు, నాయకులు, మనలాంటి హక్కుల లాయర్లు. అంతమందిలో ఒక్కరు, ఆమె బతికి ఉండగా, ఆ గదిలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటే? పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ప్రతి ఠాణాలో, విచారణ గదిలో కూడా సీసీ కెమెరాలు పెట్టాలంది. పెట్టాల్సిందే. అయితే కెమెరా రికార్డు మర్నాటికి పనికొస్తుంది. ఆ క్షణంలో “సార్, ఆమెకు కళ్లు తిరుగుతున్నయ్, నీళ్లియ్యండి” అనడానికి మనిషి కావాలి.

లండన్ నేర్చుకున్న పాఠం

ఇలాంటి మనిషిని చట్టంలోకి తెచ్చిన దేశం ఇంగ్లండు. అక్కడా ఒక ఘోరం జరిగాకే వచ్చింది. 1972లో లండన్‌లో మాక్స్‌వెల్ కాన్‌ఫెయిట్ అనే వ్యక్తి హత్యకు గురయ్యాడు. పోలీసులు ముగ్గురు కుర్రాళ్లను పట్టుకున్నారు. వాళ్లలో పెద్దవాడికి 18 ఏళ్లు, బుద్ధి చిన్నపిల్లవాడిది. పెద్దవాళ్లెవరూ పక్కన లేకుండా ప్రశ్నిస్తే ఒప్పుకున్నారు, శిక్షలు పడ్డాయి. 1975లో అప్పీలు కోర్టు విడిచిపెట్టింది. పిల్లల్ని ప్రశ్నించేటప్పుడు తల్లో తండ్రో ఉండాలన్న నిబంధన అప్పటికే అక్కడ ఉంది. పాటించలేదు, అంతే. ఫిషర్ విచారణ, ఆ తర్వాత ఒక రాయల్ కమిషన్, చివరికి 1984 పోలీసు, నేర సాక్ష్య చట్టం. పిల్లల పక్కన, మానసికంగా బలహీనంగా ఉన్న పెద్దల పక్కన పోలీసు కాని ఒక మనిషి ఉండాలని ఆ చట్టం కింది నియమావళి రాసింది. ఆ మనిషిని వాళ్లు ‘అప్రోప్రియేట్ అడల్ట్’ అంటారు. ఆ మనిషి లాయరు కాదు. ప్రశ్న అర్థమయ్యేలా చూడాలి, జవాబు సరిగా రాశారో లేదో చూడాలి, అలసిపోతే ఆపమనాలి, విచారణ మర్యాదగా సాగేలా గమనించాలి.

మన దగ్గర దీనికి పునాది లేకపోలేదు. లైంగిక దాడికి గురైన పిల్లలకు పోక్సో రూల్స్ ప్రకారం ఒక సహాయక వ్యక్తిని ఇస్తున్నాం. 2016లో హైదరాబాద్‌లో మొదలైన భరోసా కేంద్రాలు జిల్లాలకూ వచ్చాయి. బాధితురాలి పక్కన కూర్చోవడం ఎలాగో మనకు తెలుసు. అనుమానితుడి పక్కన కూర్చోవడమంటేనే మన సమాజానికి మింగుడు పడదు. అరెస్టుకు ముందు, అరెస్టు దగ్గర, రిమాండు దగ్గర న్యాయ సహాయం అందాలని జాతీయ న్యాయసేవాధికార సంస్థ (నల్సా) 2019లో ఒక విధానం ప్రకటించింది. కాగితం ఉంది. కుర్చీలో మనిషి లేడు.

ఆ కుర్చీని ఇవాళ నింపుతున్నదెవరు? ఊరి పెద్దమనిషి, మాజీ సర్పంచి, స్టేషన్ ముందు టీ హోటల్ దగ్గర కాచుకునే మధ్యవర్తి. వాళ్లు లోపలికి పోగలరు, మాట్లాడగలరు, బయటికొచ్చి ధర కూడా చెప్పగలరు. ఆ ధర ఇచ్చుకోలేనివాళ్లు, ఊరు విడిచి వచ్చినవాళ్లు ఒంటరిగా మిగులుతారు. పాలమూరు కూలీ బొంబాయిలో, ఒడిశా కూలీ మన ఇటుక బట్టీల దగ్గర ఒకే తీరుగా బిక్కుబిక్కుమంటారు.

పక్కన కూర్చున్నవాళ్ల గోస

ఇక ఎవరూ మాట్లాడని సంగతికి వస్తాను. అక్కడక్కడా ఈ పని చేస్తున్న న్యాయసేవాధికార సంస్థల పారా లీగల్ వలంటీర్లు లోపల్లోపల అరిగిపోతారు.

వలంటీర్ల సమావేశంలో తండా నుంచి వచ్చిన ఒక ఆడమనిషి అందరి ముందు చెప్పిన మాట ఇది: “నేను ఆమె చెయ్యి పట్టుకొని కూసున్న. ఆమె నన్ను కూడా పోలీసు మనిషే అనుకున్నది. నా దిక్కు చూసుకుంటనే అన్నీ ఒప్పుకున్నది.” తర్వాత చాలా రోజులు ఆ వలంటీరు ఫోను ఎత్తలేదు. రాత్రి ఫోను మోగితే ఇంట్లో ఇంకెవరికో ఇచ్చేదట.

ఇందులో మొదటి బాధ, మనం అక్కడ ఉండడమే తప్పుకు ముసుగు అవుతుందేమోనన్న అనుమానం. మన సంతకం ఉంటే విచారణ పద్ధతి ప్రకారం జరిగినట్టే లెక్క. మనం లేచిపోతే ఆ మనిషి ఒంటరి. ఉంటే సాక్షి, పోతే ద్రోహి. ఈ రెంటి మధ్య రాత్రంతా కూర్చోవాలి.

రెండోది నోరు కట్టుకునే బాధ. లాయరుకు క్లయింటు చెప్పింది గోప్యం. వలంటీరుకు ఆ రక్షణ చట్టంలో స్పష్టంగా లేదు. రేపు కోర్టుకు పిలిచి ఏం చెప్పాడని అడగవచ్చు. అందుకే మంచి వలంటీరు ముందు చెప్పాల్సిన మాట: “బిడ్డా, ఏం జరిగిందో నాకు చెప్పకు, లాయరుకు చెప్పు.” గుండె దింపుకోవాలని ఎదురుచూసే మనిషికి ఆ మాట చెప్పడం ఎంత కష్టమో చెప్పినవాళ్లకే తెలుసు.

మూడోది అన్నిటికన్నా బరువైనది. అనుమానితుడు ప్రతిసారీ అమాయకుడు కాడు. పసిపిల్ల మీద చెయ్యి వేశాడని తెచ్చిన కుర్రాడి పక్కన కూడా కూర్చోవాలి. నీళ్లివ్వమని అడగాలి, భయపడకని చెప్పాలి. బయట ఆ పిల్ల తల్లి ఏడుపు వినపడుతూనే ఉంటుంది. ఇంటికొచ్చి సొంత బిడ్డకు అన్నం కలిపి పెట్టాలి. ఊళ్లో “దొంగల పక్కన కూసుంటవా?” అంటారు. ఇంట్లో చెప్పుకోలేరు, చెప్పుకుంటే మానేయమంటారు. నిద్ర పట్టదు, కొన్నాళ్లకు ఏ కేసూ కదిలించదు. అలా మొద్దుబారిన మనిషిని మనం ‘అనుభవజ్ఞుడు’ అని మెచ్చుకుంటాం. అక్కడే తప్పు చేస్తున్నాం.

పోలీసులకూ ఈ భారం ఉందని నాకు తెలుసు. పై నుంచి రికవరీ ఎంతైందని అడిగే ఫోను, ఎడతెగని డ్యూటీ, బందోబస్తు, ఇంటి మొహం చూడని పండుగలు. పక్కన శిక్షణ ఉన్న తోడు ఉంటే చెడ్డ ఒప్పుకోలు మీద కేసు నిలబెట్టే తిప్పలు వాళ్లకే తప్పుతాయి. ఇందాకటి ఎస్సై ఆ పిలగాణ్ని తల్లితో ఇంటికి పంపించాడు. నాలుగు ప్రశ్నలు విన్నాక ఆయనకు ఇంకెవరూ చెప్పాల్సిన అవసరం రాలేదు.

చేయగలిగిన పనులు

చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ న్యాయసేవాధికార సంస్థలు స్టేషన్ల వారీగా వలంటీర్ల జాబితా తయారు చేయవచ్చు. అందులో గోర్ బోలి మాట్లాడేవాళ్లు, చెంచు యువకులు, సైగల భాష తెలిసిన టీచర్లు ఉండాలి. తెచ్చిన మనిషి మాట తేడాగా ఉందనిపిస్తే, మొదటి ప్రశ్నకు ముందే న్యాయసేవాధికార సంస్థకు ఫోను చేయాలని ఎస్పీలు ఒక్క సర్క్యులర్ ఇస్తే చాలు. బార్ అసోసియేషన్లు రాత్రిపూట పలికే ఒక సీనియర్ నంబరు ఇవ్వాలి. వలంటీరుకు సందేహం వస్తే అడగడానికి మనిషుండాలి.

వలంటీర్ల విషయంలో ఐదు నియమాలు పెట్టుకుందాం. కష్టమైన కేసుకు ఇద్దరు వెళ్లాలి. ఒకే మనిషిని వరుసగా పంపకూడదు. మర్నాడు ఎవరో ఒకరు కూర్చోబెట్టి, ఏం జరిగిందని కాకుండా నీకెలా ఉందని అడగాలి. “ఈ కేసు నావల్ల కాదు” అన్నవాళ్లను చేతకానివాళ్లుగా చూడకూడదు. నిద్ర కరువైనప్పుడు మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలిమానస్ 14416కు ఫోను చేయడం సిగ్గుపడాల్సిన పని కాదని శిక్షణ మొదటి రోజునే చెప్పాలి.

కన్నబిరాన్ గారు జీవితమంతా రాజ్యాంగాన్ని కోర్టు హాల్లో మాట్లాడించారు. దాన్ని ఠాణా గదిలోకి తీసుకెళ్లే పని మనకు మిగిలింది. లా విద్యార్థులను ప్రత్యేకంగా అడుగుతున్నాను: మీ ఊరి పంచాయతీ గోడ మీద, తండా బడి గోడ మీద న్యాయసేవల ఉచిత నంబరు 15100 పెద్దక్షరాలతో రాయించండి. వలంటీరుగా పేరు ఇవ్వండి. స్టేషన్ నుంచి కబురొస్తే, నేరం ఏమిటని అడగకముందే, లోపలున్న మనిషికి మాట అర్థమవుతుందా అని అడిగి బయల్దేరండి.